అమ్మిన సరుకు, నేర్చిన పని

వాణిజ్య సిద్ధాంతం చదివినవాళ్లకు నాలుగు అంకెలు గుర్తుండిపోతాయి: 100, 120, 90, 80. 1817లో ఇంగ్లీషు అర్థశాస్త్రవేత్త డేవిడ్ రికార్డో వేసిన లెక్కలోవి అవి. ఇంగ్లండులో కొంత బట్ట నేయడానికి 100 మంది ఏడాదిపాటు పని చేయాలి, కొంత వైన్ తీయడానికి 120 మంది కావాలి. పోర్చుగల్‌లో అంతే బట్టకు 90 మంది, అంతే వైన్‌కు 80 మంది చాలు. అంటే రెండు పనుల్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా సరే, పోర్చుగల్ వైన్‌నే నమ్ముకుని బట్టను ఇంగ్లండు దగ్గర కొనుక్కుంటే ఇద్దరూ బాగుపడతారని రికార్డో చూపించాడు. 90 మంది నేయవలసిన బట్ట పోర్చుగల్‌కు 80 మంది తీసిన వైన్‌కు బదులుగా వచ్చేస్తుంది. 120 మంది తీయవలసిన వైన్ ఇంగ్లండుకు 100 మంది నేసిన బట్టకు బదులుగా దక్కుతుంది.

ఈ లెక్కలో తప్పు లేదు. సామాజిక శాస్త్రాలన్నిటిలో నిజమూ అయి, చూడగానే తెలిసిపోనిదీ అయిన సూత్రం ఒక్కటి చెప్పమని గణిత శాస్త్రవేత్త స్టానిస్లా ఉలామ్ ఒకసారి అర్థశాస్త్రవేత్త పాల్ శామ్యూల్సన్‌ను నిలదీశారు. శామ్యూల్సన్‌కు జవాబు తట్టడానికి కొన్నేళ్లు పట్టింది. ఆయన చెప్పినది రికార్డో సూత్రమే. అంత గొప్ప ఆలోచన కాబట్టే దాన్ని ఎక్కడ ఆపాలో తెలియాలి. ఆ నాలుగు అంకెలు ఒక ఏడాదివి. ఆ 100, ఆ 90 ఎక్కడి నుంచి వచ్చాయి, ఇరవై ఏళ్ల తర్వాత అవి ఎంత ఉంటాయి అన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. పేద దేశాల విషయంలో నన్ను వేధించేది ఆ ప్రశ్నే. ఏ వాణిజ్య ఒప్పందాన్నయినా ఈ ఏడాది ఎంత అమ్మాం, ఎంత చవగ్గా కొన్నాం అని తూచి సరిపెట్టుకోవడం చాలదు. ఆ ఒప్పందం వల్ల అక్కడి మనుషులు కొత్తగా ఏ పని నేర్చుకున్నారు, ఏ పని మరచిపోయారు అన్నది తూచాలి. నేను ఈ వ్యాసంలో వాదించేది ఇదే.

ముందు ఆ ఉదాహరణనే చూద్దాం. 1600ల చివరి దశకాల్లో పోర్చుగల్ సొంతంగా ఉన్ని బట్టల పరిశ్రమ పెట్టుకునే ప్రయత్నం చేసింది. ఎరిసెయిరా ప్రభువు అనే మంత్రి బయటి నుంచి పనివాళ్లను రప్పించాడు, విదేశీ బట్టల వాడకం మీద ఆంక్షలు పెట్టించాడు. 1703లో ఇంగ్లండుతో మెథుయెన్ ఒప్పందం కుదిరింది. పోర్చుగల్ ఇంగ్లీషు ఉన్ని బట్టలకు తలుపులు తెరిచింది. బదులుగా ఇంగ్లండులో పోర్చుగీసు వైన్ మీద సుంకం ఫ్రెంచి వైన్ మీద ఉన్నదానికంటే మూడో వంతు తగ్గింది. వైన్ అమ్మకాలు పెరిగిన మాట నిజమే. కానీ బట్టల దిగుమతి ఖర్చును ఆ రాబడి భర్తీ చేయలేకపోయింది. ఆ లోటును పూడ్చింది అప్పటి పోర్చుగీసు వలస బ్రెజిల్ గనుల బంగారం.

అదే కాలంలో ఇంగ్లండు ఏం చేసిందో చూడండి. 1700లో చేసిన చట్టంతో భారతదేశం, పర్షియా, చైనాల నుంచి వచ్చే అద్దకపు నూలు బట్టలను దేశంలో అమ్మకుండా ఆపింది. 1721లో ఇంకా ముందుకు వెళ్లి, అటువంటి బట్ట కట్టుకోవడాన్నే నేరం చేసింది. ఇంగ్లండు నూలు పరిశ్రమ కేవలం ఆ చట్టాల వల్లే పెరిగిందని నేను అనను. బొగ్గు ఉంది, యంత్రాలు కనిపెట్టినవాళ్ల తెలివి ఉంది, బానిసల చేత పండించిన పత్తి ఉంది. కానీ అప్పటికి తమకంటే చవగ్గా, మేలుగా నేయగలిగినవాళ్ల సరుకును నూరేళ్లపాటు అడ్డుకుని, ఆ నీడలో తమవాళ్లకు పని నేర్పుకున్నారన్నది కాదనలేని చరిత్ర. రికార్డో కలం పట్టే నాటికి ఆ నేర్చుకోవడం పూర్తయింది.

నేర్చుకోవడం అన్నమాటకు అర్థశాస్త్రంలో పునాది లేకపోలేదు. ఒకే రకం విమానాన్ని మళ్లీ మళ్లీ తయారు చేసేకొద్దీ ఒక్కోదానికి పట్టే శ్రమ గంటలు ఒక క్రమంలో తగ్గుతూ పోతాయని 1930లలోనే గమనించారు. 1962లో అర్థశాస్త్రవేత్త కెన్నెత్ యారో దాన్ని సిద్ధాంతంగా మలిచారు: పని చేయడం వల్లనే పని వస్తుంది, అలా వచ్చిన నేర్పు ఒక్క కర్మాగారంలోనే ఉండిపోకుండా పక్కవాళ్లకూ చేరుతుంది. ఇది ఒప్పుకుంటే రికార్డో అంకెలు కదలడం మొదలుపెడతాయి. ఈరోజు 100 మంది చేసే పని రేపు 60 మంది చేస్తారు, అయితే ఆ పనిలో ఉంటేనే. పనిలోకే దిగనివాళ్లకు అంకె మారదు.

దీనికి నాకు తెలిసినంతలో బంగ్లాదేశ్‌ను మించిన ఉదాహరణ లేదు. 1974లో వచ్చిన మల్టీ ఫైబర్ ఒప్పందం కింద ధనిక దేశాలు ఒక్కొక్క దేశం నుంచి ఇన్ని చొక్కాలు, ఇన్ని ప్యాంట్లు మాత్రమే వస్తాయని కోటాలు పెట్టుకున్నాయి. దక్షిణ కొరియా కోటా నిండిపోయింది. కోటా లేని దేశం కోసం వెతుకుతున్న కొరియా కంపెనీ దేవూకు బంగ్లాదేశ్‌లో దేశ్ గార్మెంట్స్ తోడు దొరికింది. 1979లో దేశ్ సుమారు 130 మందిని కొరియాలోని పూసాన్‌కు పంపింది. అక్కడి దేవూ కర్మాగారంలో వాళ్లు ఆరు నెలలు ఉన్నారు. కత్తిరింపు, కుట్టు, నాణ్యత తనిఖీ, వరస పని ఎలా నడపాలి, కొనుగోలుదారుతో ఎలా మాట్లాడాలి, అన్నీ చూసి వచ్చారు.

కాగితాల పని కూడా అందులో భాగమే. బట్ట కొనడానికి చేతిలో డాలర్లు లేని కర్మాగారం ఎగుమతి ఎలా చేస్తుంది? విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను (సరుకు పంపితే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే పత్రం) హామీగా చూపిస్తే, దాని బలం మీద బ్యాంకు బట్ట దిగుమతికి మరో లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరుస్తుంది. వచ్చిన బట్ట కస్టమ్స్ తాళం కింద బాండెడ్ గోదాములో ఉంటుంది, సుంకం ఉండదు, చొక్కాలై తిరిగి వెళ్లిపోవాలి. ఈ రెండు ఏర్పాట్లూ లేకపోతే ఆ పరిశ్రమ పుట్టేదే కాదు. ఇవి ప్రభుత్వం ఇవ్వవలసినవి, ఇచ్చింది. తర్వాత కొన్నేళ్లలో పూసాన్ వెళ్లి వచ్చినవాళ్లలో ఎక్కువమంది దేశ్‌ను వదిలేశారు. కొందరు సొంత కర్మాగారాలు పెట్టారు, కొందరు కొత్తగా పెట్టినవాళ్ల దగ్గర చేరారు. దేశ్‌కు అది నష్టమే. దేశానికి మాత్రం ఆ నష్టంలోనే ఒక పరిశ్రమ దొరికింది. నేడు బంగ్లాదేశ్ ఎగుమతుల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా దుస్తులే.

1978లో ఎవరైనా రికార్డో పద్ధతిలో లెక్క వేసి ఉంటే బంగ్లాదేశ్‌కు జనపనార చాలు అని చెప్పేవారు. కోటాలు పెట్టినవాళ్ల ఉద్దేశం బంగ్లాదేశ్‌ను పైకి తేవడం కాదు, తమ మిల్లులను కాపాడుకోవడం. స్వేచ్ఛా వాణిజ్యం లేకపోవడం వల్ల తెరుచుకున్న తలుపులోంచి ఒక పేద దేశం లోపలికి వచ్చింది. కాబట్టి స్వేచ్ఛా వాణిజ్యమా, సుంకాలతో స్వదేశీ పరిశ్రమకు రక్షణా అని రెండు జట్లు కట్టి వాదించుకోవడం నాకు వృథా అనిపిస్తుంది.

మరచిపోవడం సంగతి కూడా చెప్పాలి. 1995లో హైతీ బియ్యం మీద దిగుమతి సుంకాన్ని 50 శాతం నుంచి 3 శాతానికి తగ్గించింది. అప్పుకు పెట్టిన షరతుల్లో అదొకటి. రాయితీల మీద పండిన అమెరికా బియ్యం వచ్చి పడింది. తినేవాళ్లకు అప్పటికి చవకే, అది చిన్న విషయం కాదు. కానీ హైతీ రైతు వరి వదిలేశాడు. 2010 భూకంపం తర్వాత, 1995లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ అక్కడి సెనేట్ కమిటీ ముందు ఆ విధానం పొరపాటని ఒప్పుకున్నారు. తన సొంత రాష్ట్రం అర్కాన్సాస్‌లోని రైతులకు అది మేలు చేసి ఉండవచ్చు గానీ, హైతీలో వరి పండించే శక్తి పోవడానికి తాను కారకుడినయ్యానని అన్నారు. పోయింది ఒక పంట రాబడి మాత్రమే కాదని ఆయనకు తెలిసింది. పండించే సామర్థ్యం పోయింది. ఒక తరం పొలం వదిలాక కాలువల నిర్వహణ, విత్తనాల ఎంపిక, మిల్లులు ఏవీ పాత స్థితికి రావు. చవక బియ్యం ధర పెరిగిన రోజున, 2008లో అలాగే పెరిగింది, ఆ దేశానికి వెనక్కి వెళ్లే దారి లేకపోయింది.

అర్థశాస్త్రవేత్తలు రావుల్ ప్రెబిష్, హాన్స్ సింగర్ 1950 ప్రాంతంలో వేరువేరుగా చెప్పిన మాట ఇక్కడ గుర్తుకొస్తుంది. ముడిసరుకులు అమ్మి తయారీ వస్తువులు కొనే దేశాలకు కాలం గడిచేకొద్దీ బేరం గిట్టుబాటు కాకుండా పోతుందన్నారు. దీర్ఘకాలపు ధరల లెక్కల మీద ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి. ధరల ఊగిసలాట మీద మాత్రం ఎవరికీ సందేహం లేదు. కోకో టన్ను ధర 2000లో వెయ్యి డాలర్లకు దిగువన ఉంది, 2024లో పది వేలు దాటింది. ప్రపంచంలో సగానికి పైగా కోకో పండించే ఐవరీ కోస్ట్, ఘనాలకు ఈ ఊగిసలాటతోనే బతుకు. ధర పెరిగిన ఏడాది కూడా అక్కడి రైతుకు చాక్లెట్ చేయడం రాదు.

అయితే గోడలు కట్టుకుంటే నేర్పు దానంతట అదే వస్తుందా? రాదు. ఇది గట్టిగా చెప్పకపోతే నా వాదన నిజాయితీగా ఉండదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లాటిన్ అమెరికాలో, ఆఫ్రికాలో, ఆసియాలో ఎన్నో దేశాలు సుంకాల చాటున పరిశ్రమలు పెట్టాయి. చాలాచోట్ల అవి పసితనం దాటలేదు. పోటీ లేని కంపెనీకి నేర్చుకోవలసిన అవసరం ఏముంది? లైసెన్సు తెచ్చుకోవడమే లాభసాటి అయినప్పుడు తెలివైనవాళ్లు యంత్రాల దగ్గర కాక అధికారుల గదుల బయట నిలబడతారు. 1974లో అర్థశాస్త్రవేత్త యాన్ క్రూగర్ దీన్ని లెక్కలతో సహా చూపించారు. ఆమె విమర్శను కొట్టిపారేసే అభివృద్ధి వాదులంటే నాకు నమ్మకం లేదు.

కొరియా ఈ చిక్కును ఎలా దాటిందన్నది అర్థశాస్త్రవేత్త ఆలిస్ ఆమ్స్‌డెన్ 1989లో వివరించారు. అక్కడ ప్రభుత్వం కంపెనీలకు చవక అప్పులు ఇచ్చింది, స్వదేశీ మార్కెట్టును కాపాడింది, కానీ ఊరికే ఇవ్వలేదు. ఇంత ఎగుమతి చేసి చూపించాలి అని లక్ష్యం పెట్టింది. అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ ప్రతి నెలా ఎగుమతుల సమీక్ష సమావేశంలో స్వయంగా కూర్చునేవాడు. లక్ష్యం తప్పినవాళ్లకు అప్పు ఆగేది. విదేశీ కొనుగోలుదారుకు మొహమాటం ఉండదు, సరుకు బాగుంటేనే కొంటాడు. కాబట్టి ఎగుమతి అంకె నేర్చుకున్నారా లేదా అన్నదానికి పరీక్షగా పనికొచ్చింది. 1964లో పది కోట్ల డాలర్లు దాటిన కొరియా ఎగుమతులు 1977 నాటికి వెయ్యి కోట్లకు చేరాయి. పోహాంగ్‌లో ఉక్కు కర్మాగారం కడతామంటే ప్రపంచ బ్యాంకు గిట్టుబాటు కాదని పెదవి విరిచింది. జపాన్ నుంచి వలసపాలన పరిహారంగా వచ్చిన నిధులు పెట్టి కొరియా కట్టుకుంది, 1973లో ఇనుము కరిగించింది. ఆనాటి లెక్కలో బ్యాంకుదే ఒప్పు. ఖనిజం లేదు, మేలైన బొగ్గు లేదు, అనుభవం లేదు.

ఆ విజయాన్ని చూపించి పార్క్ నియంతృత్వాన్ని మెచ్చుకునేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. కార్మిక సంఘాలను అణచి తెచ్చుకున్న ఎగుమతులవి. భూసంస్కరణ, పాఠశాలలు, అమెరికా సాయం ముందే ఉన్నాయి. నియంతలున్న దేశాల్లో అత్యధికం కొరియా కాలేదు.

ఇప్పుడు అసలు కోపం వచ్చే విషయానికి వస్తాను. కొరియా వాడిన పనిముట్లలో చాలావాటిని 1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు నిషేధించాయి. అతి పేద దేశాలను మినహాయిస్తే, ఎగుమతి చేస్తేనే ఇస్తాం అనే రాయితీ కుదరదు. విదేశీ కంపెనీని ఇక్కడి విడిభాగాలు ఇంత శాతం వాడు అని అడగకూడదు. పేటెంట్లకు ఇరవై ఏళ్ల రక్షణ ఇచ్చి తీరాలి. 1841లో జర్మన్ అర్థశాస్త్రవేత్త ఫ్రెడరిక్ లిస్ట్ ఇంగ్లండును ఉద్దేశించి అన్నమాట, పైకెక్కాక నిచ్చెనను తన్నేయడం, ఇందుకే ఇప్పటికీ పాతబడలేదు.

మరి ధనిక దేశాల రాయితీల సంగతి? పత్తి కేసు చూడండి. అమెరికా పత్తి రాయితీలు ప్రపంచ ధరను పడగొడుతున్నాయని 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. 2004లో గెలిచింది, 2005లో అప్పీలులోనూ గెలిచింది. అమెరికా సరిదిద్దుకోలేదు. 2009లో ప్రతీకార చర్యలకు బ్రెజిల్‌కు అనుమతి దొరికింది, సుంకాలే కాదు, అమెరికా పేటెంట్ల జోలికి కూడా వెళ్లవచ్చన్నారు. అప్పుడు కదలిక వచ్చింది. రాయితీలు తీసేయడానికి బదులు, ఏడాదికి 14.73 కోట్ల డాలర్ల చొప్పున బ్రెజిల్ పత్తి రైతుల నిధికి ఇస్తామని 2010లో అమెరికా ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి వివాదాన్ని ముగించుకుంది. అంటే తమ రైతుకు ఇచ్చే రాయితీని కాపాడుకోవడానికి అమెరికా పన్ను చెల్లింపుదారు బ్రెజిల్ రైతుకు కూడా డబ్బు కట్టాడు.

ఇదే పత్తి మీద బతికే బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లోనే ఈ రాయితీలు ఆపమని కలిసి అడిగాయి. న్యాయం వాళ్ల వైపు బ్రెజిల్‌కు ఉన్నంతే ఉంది. కానీ ప్రతీకారం తీర్చుకోవడానికి వాళ్ల మార్కెట్టు ఎంత? మాలి అమెరికా సరుకు మీద సుంకం పెంచితే వాషింగ్టన్‌లో ఎవరికీ తెలియను కూడా తెలియదు. వాళ్లకు ఏడాదికి కాదు కదా, ఒక్కసారి కూడా అటువంటి పరిహారం రాలేదు. నిబంధన అందరికీ ఒకటే, అమలు చేయించుకునే బలం మాత్రం ఎవరి మార్కెట్టు ఎంత పెద్దదో దాన్ని బట్టి ఉంటుంది. 2019 డిసెంబరు నుంచి వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం కూడా పనిచేయడం లేదు. కొత్త సభ్యుల నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో తీర్పు చెప్పేవాళ్లే మిగల్లేదు.

ఇంతలో నిచ్చెన పైనున్నవాళ్లే మళ్లీ దాన్ని వాడుకోవడం మొదలుపెట్టారు. సెమీకండక్టర్ చిప్‌లు స్వదేశంలో తయారు చేయించడానికి 2022 చట్టంతో అమెరికా 5,270 కోట్ల డాలర్లు కేటాయించింది. నేను దాన్ని తప్పు పట్టను. చేయకపోతే చేతులు మరచిపోతాయన్న భయం సరైన భయమే. చైనా దిగుమతుల పోటీ తాకిన అమెరికా పట్టణాల్లో ఉద్యోగాలు, జీతాలు దెబ్బతిన్నాయని అర్థశాస్త్రవేత్తలు డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ 2013లో చూపించారు. వాణిజ్యం వల్ల దేశం మొత్తానికి లాభమే అయినా లోపల కొందరు ఓడిపోతారని 1941లోనే స్టోల్పర్, శామ్యూల్సన్ రాశారు. గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు పరిహారం ఇవ్వగలరు అని పాఠ్యపుస్తకాలు రాస్తూ వచ్చాయి. ఇచ్చారా అన్నది ఎవరూ పట్టించుకోలేదు. అయితే అమెరికాలోని ఒహాయో కార్మికుడి విషయంలో అర్థమైన ఈ సంగతి హైతీ రైతు విషయంలో ఎందుకు అర్థం కాదు?

వాణిజ్యాన్ని సమర్థించేవాళ్ల దగ్గర ఒక బలమైన జవాబుంది. 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా ఉన్న తీవ్ర పేదరికం 2019 నాటికి పదో వంతు లోపుకు తగ్గింది, అందులో పెద్ద భాగం చైనాదే. ప్రపంచ మార్కెట్టు లేకుండా అది జరిగేది కాదు, ఒప్పుకుంటాను. కానీ చైనా ఆ మార్కెట్టులోకి తలుపులు బార్లా తెరిచి వెళ్లలేదు. విదేశీ కార్ల కంపెనీ రావాలంటే స్థానిక కంపెనీతో భాగస్వామ్యం పెట్టుకోవాలంది. వచ్చినవాడి పక్కన కూర్చుని పని నేర్చుకుంది.

నేర్పు అన్నప్పుడు ఎవరి నేర్పు, ఎవరి ప్రాణం మీద అన్నది కూడా అడగాలి. 2013 ఏప్రిల్ 24న ఢాకా శివారులోని రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లోని దుస్తుల కర్మాగారాల కార్మికులను మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి రమ్మన్నారు. ఆ తర్వాతే అగ్నిప్రమాదాల, భవనాల భద్రత మీద చట్టబద్ధమైన ఒప్పందానికి 200కు పైగా విదేశీ బ్రాండ్లు సంతకం పెట్టాయి. కనీస వేతనం నెలకు 3,000 టాకాల నుంచి 5,300కు పెరిగింది. సంఘం పెట్టుకునే హక్కు నిజంగా ఉండి ఉంటే ఆ పొద్దున ఆ మెట్లెక్కము అని చెప్పగలిగేవాళ్లు. అభివృద్ధి గురించి రాసేవాళ్లు ఈ హక్కును తర్వాత చూసుకునే విషయంగా పక్కన పెట్టడం నాకు సహించదు.

ఇప్పుడు బంగ్లాదేశ్ మరో మలుపు దగ్గరకు వచ్చింది. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి అది బయటికి రావడానికి 2026 నవంబరు 24ను ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 2021లో గడువుగా నిర్ణయించింది. జాబితాలో ఉన్నంతకాలం ఐరోపాకు సుంకం లేకుండా దుస్తులు పంపవచ్చు, దిగుమతి చేసుకున్న బట్టను బంగ్లాదేశ్‌లో కుడితే చాలు. జాబితా దాటి, తర్వాతి మూడేళ్ల వెసులుబాటు కూడా అయిపోయాక, ఐరోపా ఇచ్చే తర్వాతి స్థాయి మినహాయింపు కావాలంటే కుట్టు ఒక్కటే సరిపోదు, బట్ట కూడా అక్కడే తయారు కావాలి. అల్లిక దుస్తులకు అది చాలావరకు జరుగుతోంది. నేత దుస్తులకు బట్ట ఎక్కువగా బయటి నుంచే వస్తోంది. నేత మిల్లులు పెరగాలంటే మొదట్లో ఊతం కావాలి. స్వదేశీ నూలు వాడిన ఎగుమతిదారులకు బంగ్లాదేశ్ ఇస్తూ వచ్చిన నగదు ప్రోత్సాహకం అటువంటిదే. జాబితా నుంచి బయటికి వస్తే ఆ ప్రోత్సాహకానికి వాణిజ్య సంస్థ నిబంధనలు అడ్డం వస్తాయి. బట్ట మీరే నేయండి అని ఒక నిబంధన, నేయడం నేర్చుకోవడానికి సాయం చేయకండి అని మరొకటి. ఊతానికి గడువు ఉండాలి, ఎగుమతి లక్ష్యం ఉండాలి, లక్ష్యం తప్పితే ఆగిపోవాలి, మిల్లులో కార్మిక సంఘం ఉండాలి. ఈ షరతుల మీద పదేళ్ల మినహాయింపు అడిగే దేశానికి కాదనే హక్కు 1721 చట్టం చేసుకున్నవాళ్లకు గానీ, 2022 చట్టం చేసుకున్నవాళ్లకు గానీ లేదు.